గుమ్మడికాయకు ఎదురుకోలు

శివరంజని నోటి మాట ఇంట్లో తీర్పయిపోవడం ఆమె ఎం.ఏ.లో చేరిన వారం నుంచే మొదలయింది. తమిళనాట చోళపురంలో పక్కపక్కనే ఉన్న వాళ్ళ అయిదిళ్ళ కుటుంబంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. పెద్దనాయన బాలుసామి ఆ తరవాత పురుగుమందు డబ్బా మీది అక్షరాలు కూడా ఆమె చదివి సరే అంటేనే మూత తీసేవాడు. టీవీలో వాన వస్తుందని చెబితే ఆమె మొహం వైపు చూసేవాడు. పాప చదివేది చరిత్ర, దానికీ వానకూ ఏం పొత్తు అని ఎవరైనా అంటే ఒప్పుకునేవాడు కాదు. పుస్తకం అనేది ఒకటే పెద్ద ఇల్లనీ, ఏ వైపు తలుపు తీసినా లోపలున్నదంతా కనిపిస్తుందనీ ఆయన నమ్మకం.

"నేను చదివేది వేరే, పెద్దనాయనా," అని శివరంజని ఎంత చెప్పినా, "వేరే అయితే ఏమి? ఎం.ఏ. గదా," అనేవాడు.

ఆమె చదివేది ఆధునిక ప్రపంచ చరిత్ర. పొద్దున బస్సెక్కి రాజపాళయం పోయి, ఏ దేశపు ఓడ ఏ ఒడ్డుకు చేరింది, ఎవరు ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారు, ఏం లాక్కున్నారు అన్నది విని సాయంత్రానికి ఇల్లు చేరేది. కూర్చుని చదువుకోవడం మాత్రం పక్కింట్లో, అంబుజం చిన్నమ్మ వసారాలో.

అంబుజం ఆమె చిన్నాయన భార్య. చిన్నాయన పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. ఒంటి ఇల్లు, ఒక ఆవు, కొట్టం కప్పు మీద పాకిన గుమ్మడి తీగ. శివరంజని బళ్ళో చదివే రోజుల నుంచీ పాఠాలు బిగ్గరగా వల్లెవేసింది అక్కడే. అవి వినీ వినీ అంబుజానికి చరిత్రలో సగం మంది చుట్టాలైపోయారు. అందులో నచ్చనివాళ్ళే ఎక్కువ. వాస్కోడగామా పేరెత్తితే ఆమెకు మండేది.

"పిలవకుండా వచ్చి, మిరియాలు ఇయ్యలేదని ఫిరంగి పేల్చినాడే, వాడు గదా? వానికి కాఫీ లేదు మా ఇంట్లో."

సాయంత్రం శివరంజని చెప్పులు విప్పేలోపే కాఫీ గ్లాసూ, దానితో పాటు ఒకే ప్రశ్నా ఎదురొచ్చేవి.

"ఏం పాపా, ఈ దినం ఎవుర్ని ఎవురు పట్టుకొన్నారు?"

"ఈ దినం ఎవురూ పట్టుకోలేదు చిన్నమ్మా. వెండి గురించి చెప్పినారు. అమెరికా పక్క ఏదో కొండలో తవ్వితే, అది చైనా వరకు పోయిందంట."

"మన దిక్కు రాలేదా?"

"కొంచం వచ్చింది."

"వచ్చింది యాడ పెట్టినారో," అని అంబుజం మెట్టెలు లేని తన కాలివేళ్ళ వైపు చూసుకుని నవ్వేది.

పెళ్ళిళ్ళలో, సీమంతాల్లో ఆమె వంటపొయ్యిల వెనక ఉండేది. వెనక్కి పొమ్మని ఎవరూ అనలేదు. తానే జరిగింది. ముందుకు రమ్మని కూడా ఎవరూ అనలేదు, అంతే. ఏడాదిలో ఒక్కరోజు మాత్రం ఆమె లేకపోతే పని మొదలయ్యేది కాదు. అది పేరమ్మ పొంగలి రోజు.

పేరమ్మ ఆ అయిదిళ్ళకూ మూలపుటమ్మ. నాయకరాజుల కాలంలో ఉత్తరం నుంచి కాలినడకన వచ్చిందని చెప్పుకుంటారు. వస్తూ వస్తూ ఒళ్ళో కట్టుకుని తెచ్చిన విత్తనాలే ఈ నేలలో వాళ్ళ మొదటి పంటట. ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, చివరి శుక్రవారం కొబ్బరితోపులో ఆమె పేరున నిలిపిన రాయి ముందు అందరికీ కలిపి ఒకే కుండ పెడతారు. ఆ కుండకు ఒకటే కట్టుబాటు. పేరమ్మ ఒళ్ళో వచ్చినవే అందులో పడాలి. సామలు, కందిపప్పు, చింతపండు, బెల్లం. కారానికి మిరియాలు. మిరపకాయ గాలి కూడా తగలకూడదు.

ఇంటికొక వస్తువు వంతు. చిన్నాయన ఇంటి వంతు గుమ్మడికాయ. దాన్ని రాయి ముందు కోసి, మొదటి ముక్క అంబుజం తన చేత్తో వేస్తేనే తక్కినవాళ్ళు గరిటె పట్టుకోవాలి. చిన్నాయన పోయాక కూడా ఆ వంతు మారలేదు. తక్కిన శుభకార్యాలన్నిటికీ తప్పుకునే మనిషి, ఆ పొద్దు కాయను చంకన పెట్టుకుని అందరికంటే ముందు నడిచేది.

ఆ ఏడు ఆడి నెల మొదట్లో, వంతుల సంగతి మాట్లాడుకోవడానికి అందరూ బాలుసామి వాకిట్లో చేరారు. మగవాళ్ళు అరుగు మీద, ఆడవాళ్ళు గడప దగ్గర. అంబుజం స్తంభం చాటున కూర్చుంది. బావగారితో ఆమె ఎదురుగా మాట్లాడదు. చెప్పాల్సింది ఉంటే స్తంభానికి చెప్పేది, ఆయన వినేవాడు. ఆయన జవాబు కూడా స్తంభానికే చెప్పేవాడు. ఎన్నో ఏళ్ళుగా వాళ్ళిద్దరికీ ఆ స్తంభమే మధ్యవర్తి.

శివరంజని అప్పుడే బస్సు దిగి వచ్చింది. ఆ రోజు క్లాసులో విన్నది ఆమె కడుపులో ఆగడం లేదు.

"పెద్దనాయనా, పేరమ్మ కుండలో మిరపకాయ ఎందుకు వెయ్యమో తెలుసునా? అది మన దేశందే కాదు. అమెరికా పక్క నుంచి పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చినారు. అంతకు ముందు మనకు కారం అంటే మిరియాలే. ఈ దినం మేడం చెప్పినారు. పుస్తకంలో కూడా ఉండాది."

బాలుసామి తొడ చరిచాడు.

"చూసినారా? మన కుండ చెప్పేదే వాళ్ళ పుస్తకం కూడా చెప్తా ఉంది. ఇంకా ఏమేమి వచ్చినాయి, చెప్పు మా."

"తక్కాళి," అంది శివరంజని. టమాటాను అక్కడ తమిళ పేరుతోనే పిలుస్తారు.

"మనం వేస్తామా?" అని బాలుసామి అందరి వైపు తిరిగాడు.

"వెయ్యం," అన్నారు ఆడవాళ్ళు.

"ఉర్లగడ్డ."

"వెయ్యం."

"జీడిపప్పు."

"పోయిన ఏడు జీడిపప్పు వేస్తామా అని మన సెల్వి అడిగె. నేను ఒప్పుకొన్నానా?" అన్నాడు బాలుసామి మీసం దువ్వుకుంటూ. సెల్వి శివరంజని తల్లి. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మక్కచోళం. వేరుశనగ." మక్కచోళం అంటే మొక్కజొన్న.

బాలుసామి కొడుకు వినోత్ బైకుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "నాయనా, మన తోటలో ఉండేదంతా మక్కచోళం, వేరుశనగే. ఇన్నాళ్ళు ఎవురికి సేద్యం చేసినట్టు మనం?"

"సంతకు పోయేది వేరే, పేరమ్మకు పెట్టేది వేరే. నువ్వు నోరు మూసుకో. ఇంకా చెప్పు మా."

శివరంజనికి ఒళ్ళంతా తేలికగా ఉంది. తన చదువూ తన ఇల్లూ మొదటిసారి ఒకే మాట మాట్లాడుతున్నాయి. ఒక్కో పేరూ చెప్పడం, అందరూ ఒకే గొంతుతో బదులివ్వడం. తరవాతి పేరు నాలుక చివరికి వచ్చాక గాని అదేమిటో ఆమెకు తట్టలేదు. ఆగిపోయింది.

"ఏల నిలిపినావు?"

"అంతే, పెద్దనాయనా."

"అంతే అయితే మొహం అట్ల పెట్టవు. చెప్పు."

ఆమెకు అబద్ధం చెప్పడం చేతకాదు. చిన్నప్పుడు బళ్ళో బలపం ఎవరు విరిచారంటే, తను విరవకపోయినా చూసినందుకు లేచి నిలబడ్డ పిల్ల.

"గుమ్మడికాయ," అంది.

"వెయ్యం," అన్నారు ఇద్దరు ముగ్గురు, అప్పటిదాకా అంటున్న ఊపులో. ఆ తరవాత కళ్ళన్నీ స్తంభం వైపు తిరిగాయి.

"ఏ గుమ్మడి?" అన్నాడు బాలుసామి చివరికి.

"కూరకు వండే ఎర్రది. బూడిదగుమ్మడి ఈ పక్కదే, పాతది."

"పుస్తకంలో ఉండాదా?"

"ఉండాది."

స్తంభం చాటున గాజుల్లేని చేతులు నేల మీద ఆన్చి అంబుజం లేచింది. "ఆవుకు నీళ్ళు పెట్టాల," అని స్తంభానికి చెప్పి వెళ్ళిపోయింది.

బాలుసామి చెడ్డవాడు కాదు. అదే చిక్కయింది. చెడ్డవాడైతే మర్నాటికి ఆ సంగతి మరిచిపోయేవాడు. ఆయన మాత్రం అన్నం ముందు కూర్చుని అదే ఆలోచించాడు, తోటలో మోటారు వేసి అదే ఆలోచించాడు. కుండా పుస్తకమూ ఒకటే మాట అని ఊరంతా చెప్పుకుని తిరిగాక, పుస్తకంలో సగం తీసుకుని సగం వదలడం ఎట్లా? "ఇంకొక పుస్తకంలో వేరే తీరుగా ఉందేమో చూడు మా," అని శివరంజనిని బతిమాలాడు. ఆమె లైబ్రరీలో దొరికినవన్నీ తిప్పింది. ఏ పుస్తకమూ కనికరించలేదు.

చివరికి ఆయన మాట వినోత్ మోసుకొచ్చాడు. ఈ ఏడు కుండలోకి బూడిదగుమ్మడి. అది అయిదిళ్ళలో చివరిదైన వీరమ్మాళ్ ఇంటి కంచె మీద కాస్తుంది గనక వాళ్ళు తెస్తారు. అంబుజం ఉప్పు తెస్తే చాలు.

"మంచిది," అంది అంబుజం. "ఆ దినం నేను సేత్తూరికి, మా అన్న ఇంటికి పోతాను. మొదటి బస్సుకే."

పేరమ్మ కుండ రోజున ఆ అయిదిళ్ళలో ఎవరూ ఊరు దాటి పోయింది లేదు. ఒకసారి పోతే, మరుసటి ఏడు ఏ మొహంతో వస్తుంది? శివరంజనికి అదే గుబులు. చిన్నమ్మ ఇక ఎప్పటికీ ముందుకు రాదు. వెనకే ఉండిపోతుంది. అదంతా తన నోటి నుంచి ఊడిపడ్డ ఒక్క మాటతో.

ఆ సాయంత్రం కాఫీ వచ్చింది. ప్రశ్న రాలేదు. శివరంజని గ్లాసు పట్టుకుని కాసేపు చూసి తానే అంది.

"ఈ దినం ఎవుర్ని పట్టుకొన్నారని అడగవా, చిన్నమ్మా?"

"తెలిసిందే గదా," అంది అంబుజం, పొయ్యి వైపు తిరిగి. "నన్నే."

మర్నాడు క్లాసు అయ్యాక శివరంజని మీరా మేడం గదికి పోయింది. మేడం రాజపాళయంలోని పాత ఇళ్ళ మనిషి. ఇంట్లో తెలుగే. క్లాసులో ఇంగ్లీషూ తమిళమూ మాట్లాడినా, గదిలో శివరంజని ఒక్కతే ఉంటే మాట తెలుగులోకి దిగేది.

"మేడం, గుమ్మడికాయ మనదేనని చెప్పేదానికి ఆధారం ఏమన్నా ఉండాదా?"

"పరీక్షకా, పెండ్లికా?" అంది మేడం. శివరంజని అంతా చెప్పింది. 'వెయ్యం' అన్న చోట మేడం నవ్వు ఆపుకోలేకపోయింది. స్తంభం దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"లేదు శివరంజనీ. ఉంటే నీకు ఇయ్యకుండా ఉంటానా? వచ్చింది వచ్చిందే."

శివరంజని తల వంచుకుంది. మేడం దిద్దిన వ్యాసాల కట్టలోంచి ఆమెది బయటికి లాగింది.

"దీని కోసం నిన్ను పిలవాలనే ఉన్నాను. ఏ ఓడలో వచ్చింది, ఎవరు తెచ్చినారు, అంతా బాగా రాసినావు. ఒడ్డున నిలబడి అందుకొన్నది ఎవరు? వాళ్ళ గురించి ఒక్క వాక్యం లేదు. ఎదురుపడేదానికి ఇద్దరు ఉండాల గదా."

"వాళ్ళ పేర్లు పుస్తకంలో లేవు మేడం."

"అందుకే నిన్ను అడుగుతా ఉన్నాను. మీ ఇంట్లో అడిగి రా."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని శివరంజని ఆ మాటే నమిలింది. ఎప్పుడో, ఎవరో ఒక ఆడమనిషి, ముక్కూ మొహం తెలియని ఎర్ర కాయ గింజను ఎవరి దగ్గరో అడిగి తెచ్చి కొట్టం పక్కన నాటింది. వండి చూసింది. బాగుందనుకుంది. ఒక ఆడి శుక్రవారం పేరమ్మకు కూడా పెట్టింది. ఎవరై ఉంటుంది? ఊరు దగ్గర పడుతున్నా ఆమె మొహం కనిపించలేదు.

ఇంట్లో సెల్వి కొత్త కుండలో గంజి పోసి గట్టిపరుస్తోంది. ఒక చేత్తో కుండ, ఇంకో చేత్తో గంజి గిన్నె పట్టుకుని అవస్థ పడుతుంటే సాయం చేద్దామని శివరంజని చెయ్యి చాచింది. సెల్వి ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"తాకొద్దే. పేరమ్మ కుండ. ఇంటి ఆడపిల్లలు తినేదే. చెయ్యి పెట్టేది కోడండ్లే."

"ఏల?"

"ఏలంటే? మా అత్త నాకు చెప్పింది. మా అత్తకు వాళ్ళ అత్త చెప్పింది."

శివరంజని చెయ్యి తుడుచుకుంటూ అట్లాగే నిలబడిపోయింది.

"అమ్మా, నీది ఏ ఊరు?"

"ఏమే, కొత్తగా అడగతావు? సత్రపట్టి."

"చిన్నమ్మది సేత్తూరు. పెద్దమ్మది కూడా ఈ ఊరు కాదు. అంటే ఆ కుండలో చెయ్యి పెట్టేవాళ్ళు ఒక్కరూ ఈ ఊళ్ళో పుట్టలేదు."

"కోడండ్లు ఈ ఊళ్ళోనే ఎట్ల పుడతారే, పిచ్చిదానా," అని సెల్వి తలెత్తేసరికి కూతురు వాకిలి దాటి పోయింది.

బాలుసామి అరుగు మీద కాలు మడుచుకుని కూర్చుని ఉన్నాడు. శివరంజని ఎదురుగా నిలబడింది.

"పెద్దనాయనా, పేరమ్మ ఒళ్ళో పెద్దమ్మ వచ్చిందా?"

"మీ పెద్దమ్మా? దాన్ని ఒళ్ళో పెట్టుకొంటే పేరమ్మ నడిచేది ఎట్ల?"

"వింటానే ఉండాను," అని లోపలి నుంచి పెద్దమ్మ గొంతు వచ్చింది.

"పెద్దమ్మ రాలేదు, అమ్మ రాలేదు, చిన్నమ్మ రాలేదు. అయినా కుండలో చెయ్యి పెట్టేది వాళ్ళే. ఇంట్లో పుట్టిన నేను తాకరాదు."

"వాళ్ళు కోడండ్లు మా. మనం తీసుకొచ్చుకొన్నాము."

"ఎట్ల తీసుకొచ్చుకొన్నారు?"

"ఎట్లంటే? హద్దు కాడికి పోయి, మేళం పెట్టి, కాళ్ళకు నీళ్ళిచ్చి, ఆరతి పట్టి, గడపలో మానిక తన్నించి..." బాలుసామి మాట అక్కడ ఆగింది. ఆయన మొండివాడే గాని మందబుద్ధి కాదు.

"గుమ్మడికాయకు మనం అది చెయ్యలేదు, పెద్దనాయనా. ఎవురో ఒక కోడలు దాన్ని చేరదీసింది. మన కుండలో ఇన్ని తరాలు ఉడికింది. ఎదురుకోలు మాత్రం బాకీ పడిపోయింది."

"అయితే అది బయట నుంచి వచ్చింది అనేది పోదు?"

"పోదు. అమ్మది సత్రపట్టి అనేది కూడా పోలేదు గదా."

బాలుసామి చాలాసేపు మీసం చివర నలుపుతూ కూర్చున్నాడు. "ఇది పుస్తకంలో ఉండాదా?"

ఉందని ఒక్క ముక్క అంటే పని అయిపోతుంది.

"లేదు. ఇది నేను చెప్పేది."

ఆయన ఆమెను పైనుంచి కిందికి చూశాడు, కొత్త మనిషిని చూసినట్టు.

"నువ్వు చెప్పేది," అని తనలో తాను అనుకున్నాడు. "సరి. పుస్తకం చెప్పింది విన్నాము. నువ్వు చెప్పింది కూడా వింటాము."

వినోత్ గొణిగాడు. "నాయనా, గుమ్మడికాయకు మేళం పెడితే ఊరు నవ్వుతుంది."

"నవ్వనీ. మేళంవాళ్ళను నువ్వే పిలుచుకొని రా."

అంబుజం మాత్రం అంత తొందరగా కరగలేదు. శివరంజని మేడం అడిగిన ప్రశ్నతో సహా అంతా చెబుతున్నంతసేపూ ఆవు పొదుగు కడుగుతూనే ఉంది.

"నా మీద దయ చూపించేదానికి ఇంత ఏర్పాటా?"

"దయ కాదు చిన్నమ్మా. నేను చెప్పింది నిజం. మళ్ళా అడిగినా అదే చెప్తాను. నీ వంతు పోవడం మాత్రం నిజం కాదు."

"నువ్వు చెప్పినందుకు నాకు బాధ లేదే. ఇంత చదివి అబద్ధం చెప్పమంటానా? ఉప్పు తెమ్మన్నాడే, అది. వంతు లేనివాళ్ళకు చెప్పే మాట అది." పాలు చెంబులో చప్పుడు చేస్తూ పడ్డాయి. కాసేపటికి ఆమే అడిగింది. "ఎదురుకోలు అంటే రెండు పక్కలు ఉండాల గదా. పిల్ల పక్క ఎవురు?"

శివరంజని అది ఆలోచించనే లేదు. "నువ్వే," అంది.

"మీ చిన్నాయన పోయినంక నన్ను ఎదురుకోలు వరసలో ఎవురూ నిలపలేదు."

"ఈ వరసలో ఇంకెవురూ లేరు చిన్నమ్మా. నువ్వు లేకపోతే పిల్ల అనాథ."

అంబుజం చెంబు తీసుకుని లేచింది. "పో. అన్నకు మాట ఇచ్చినాను. మొదటి బస్సుకు పోతాను," అంది.

శుక్రవారం పొద్దున వినోత్ పరుగున వచ్చి చెప్పాడు. చిన్నమ్మ ఇంటికి తాళం. కొట్టం మీద కాయ కూడా లేదు.

"అన్న ఇంటికి కూరకు తీసుకుపోయినట్టుంది," అన్నారు ఎవరో. సెల్వి కూతురి వైపు చూడకుండా ఆరతి పళ్ళెంలో పసుపు నీళ్ళు కలిపింది.

బాలుసామి మాత్రం ఉతికిన పంచె కట్టుకుని, ఊరి హద్దులో బస్సు ఆగే చోట నిలబడ్డాడు. ఆయన పక్కన మేళం. వెనక ఆడవాళ్ళు. అందరి వెనకా వీరమ్మాళ్, చంకలో బూడిదగుమ్మడి. ఒక బస్సు ఆగకుండా పోయింది. ఇంకొకటి ఆగి, ఎవరినో దించి పోయింది. డోలువాడు వేళ్ళు విరుచుకున్నాడు.

"అన్నా, ఎండ ఎక్కతా ఉంది. నా కాయ ఉండనే ఉండాది గదా, మొదలుపెడతామా?" అంది వీరమ్మాళ్.

"ఇంకొక బస్సు చూస్తాము," అన్నాడు బాలుసామి. శివరంజని రోడ్డు మలుపు మీంచి కళ్ళు తిప్పలేదు, రెప్ప వేస్తే బస్సు రాకుండా పోతుందేమో అన్నట్టు నిలబడింది.

సేత్తూరు వైపు నుంచి మూడో బస్సు వచ్చి ఆగింది. కిటికీలో మొదట కనిపించింది ఎర్రటి గుమ్మడికాయ. అది సీటు మీద కాదు, అంబుజం ఒళ్ళో ఉంది. రెండు చేతులూ దాని చుట్టూ ఉన్నాయి. కాయకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, తొడిమెకు మల్లెపూలు చుట్టి ఉన్నాయి.

"ఒళ్ళోనే వచ్చింది," అన్నాడు బాలుసామి నెమ్మదిగా. పక్కనున్న శివరంజనికి మాత్రమే వినిపించింది.

కండక్టర్ తల బయటికి పెట్టి మేళాన్ని చూశాడు. "పెండ్లికొడుకు యాడప్పా?"

"పెండ్లికొడుకు లేడన్నా," అన్నాడు వినోత్. "పెండ్లికూతురు లోపల ఉండాది. మెల్లగా దించండి."

ముందు అంబుజం అన్న దిగాడు, జరీ కండువాతో. వెనక ఆయన భార్య, పళ్ళ తట్టతో. చివరికి కాయను చంకన పెట్టుకుని అంబుజం. పిల్ల పక్కకు చుట్టాలు కావాలి గదా, తోడు తెచ్చుకుంది. సేత్తూరు పోతానన్న మాటా తప్పలేదు.

రోడ్డు మీద స్తంభం లేదు. బావగారు ఎదురుగా ఉన్నాడు. అంబుజం ఒక్క క్షణం పక్కకు చూసింది, ఆ తరవాత తలెత్తింది.

"ఏమి సంబంధీ, పిల్ల ఇంత దూరం వస్తే కాళ్ళకు నీళ్ళిచ్చే అలవాటు మీ ఊళ్ళో లేదా?"

సంబంధి అంటే వాళ్ళలో వియ్యంకుడు. బాలుసామి ఇన్నేళ్ళలో ఆ గొంతు తన మొహం మీదికి రావడం వినడం అదే మొదలు. మీసం సవరించుకున్నాడు.

"ఉండాది సంబంధమ్మా. పిల్లది ఏ ఊరో తెలుసుకొని ఇస్తాము."

"ఏ ఊరు చెప్పు పాపా, మా పిల్లది?"

"మెక్సికో, చిన్నమ్మా."

"వింటిరి గదా. ఆ ఊరికి బస్సు లేదు, ఓడలో వచ్చింది. అందుకే కొంచం ఆలిసం."

"వంట చేస్తుందా పిల్ల?"

"చెయ్యదు. తానే వంట అయిపోతుంది. అంత మంచి పిల్ల మీకు యాడ దొరికేది?"

బస్సులో వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. డ్రైవర్ ఇంజను ఆపేసి తొంగి చూస్తున్నాడు. "కొంచం లావు," అన్నాడు బాలుసామి, ఓడిపోకూడదని.

"మీ ఇంట్లో ఉండేవాళ్ళను చూసే పంపించినాము," అంది అంబుజం. పెద్దమ్మ పళ్ళెం పట్టుకునే పగలబడి నవ్వింది.

మేళం అందుకుంది. బాలుసామి చెంబుతో నీళ్ళు వంచాడు. ఆరతి పళ్ళెం పైకి లేవగానే అంబుజం కాయను వదినె చేతికి ఇచ్చి, అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసింది.

"యాడికి పోతావు?" అంది పెద్దమ్మ. "పిల్లను పట్టుకొనేది ఎవురు? ఇట్లరా."

అంబుజం కాయను మళ్ళీ చేతుల్లోకి తీసుకుంది. పళ్ళెం కాయ చుట్టూ తిరిగింది, దాన్ని పట్టుకున్న మనిషి చుట్టూ తిరిగింది. ఆమె కళ్ళు మూసుకుంది. శివరంజని వినోత్ వీపు వెనక్కి పోయి మొహం తుడుచుకుంది.

కొబ్బరితోపులోకి అడుగు పెట్టేచోట సామలు నింపిన మానిక పెట్టారు. కాయకు కాళ్ళు లేవు గనక తన్నేది ఎట్లా అని కాసేపు చర్చ జరిగింది. అంబుజం వంగి కాయను నేల మీద దొర్లించింది. అది వంకరగా పోయి మానికను పడగొట్టి, పేరమ్మ రాయి దాకా పోకుండా బాలుసామి కాలికి తగిలి ఆగింది. ఆయన దాన్ని ఎత్తి ఆమె చేతికిచ్చాడు. అంబుజం కోసింది. మొదటి ముక్క కుండలో పడింది. "నేను ఇంతసేపు మోసినానే, నా సంగతి ఏమి?" అని వీరమ్మాళ్ అడిగితే బూడిదగుమ్మడి కూడా కొంచెం వేశారు. కోడళ్ళు గరిటె తీసుకున్నారు. శివరంజని ఆడపిల్ల గనక ఆకు ముందేసుకుని కూర్చుంది.

కుండ పొంగేదాకా అంబుజం ఆమె పక్కనే కూర్చుని, కాయలోంచి తీసిన గింజలను పీచు వదిలించి కొంగు మీద ఆరబోస్తోంది. బాలుసామి అటూ ఇటూ తచ్చాడి, ఒక కొబ్బరి చెట్టు పక్కన ఆగి, చెట్టుకు చెప్పినట్టు అన్నాడు.

"తోటలో మక్కచోళం కూడా ఉండాది. వచ్చే ఏడు దాని సంగతి ఏమన్నా..."

అంబుజం చెట్టు వైపు చూడలేదు. ఆయన వైపే చూసింది.

"ఏడాదికి ఒక పెండ్లి చాలు బావా. పిల్ల పక్క నేను కూడా తట్టుకోవాల గదా."

అని, శివరంజని వైపు తిరిగి, దోసెడు గింజలు ఆమె ఒళ్ళో పోసింది.

"ఇవి నాటేదానికి ఆడపిల్లలకు అడ్డు లేదు. సోమవారం మీ మేడానికి కొన్ని ఎత్తుకొని పో. అందుకొన్నది ఎవురని అడిగిందే, ఆమె కూడా అందుకోనీ."